రెండు లక్షల టన్నుల ఓడకు నా నాలుగు టన్నులు బరువా?

ఎనుమాముల గుమస్తా:

అందరికీ నమస్తే. నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక మిర్చి ఖరీదుదారు దగ్గర గుమస్తాను. పదకొండేళ్లయింది. పట్టీలు రాయడం, హమాలీ లెక్కలు చూడడం, దడ్వాయి ఇచ్చిన తూకం చీటీలు సరిచూసుకోవడం నా పని. రెండేళ్ల నుంచి మా సేటు మలేషియాకు కూడా సరుకు పంపుతున్నాడు. దాంతో ఓడ కాగితాలు కూడా నా నెత్తిన పడ్డాయి. నేర్పినవాళ్లు ఎవరూ లేరు. గడి కనిపిస్తే నింపడమే.

పోయిన నెల తేజ మిర్చి 350 బస్తాలు నలభై అడుగుల కంటైనర్ బాక్సులో నింపి చెన్నై పంపాం. ఫారంలో వీజీఎం అని ఒక గడి ఉంది, అంటే బాక్సుతో సహా సరిచూసిన మొత్తం బరువట, అది నాకు అప్పుడు తెలియదు. బరువు అడుగుతున్నారు కదా అని గోనెసంచులతో సహా 14,240 కిలోలు అని రాశాను. ఆ లెక్కలో కిలో తేడా ఉండదు, దడ్వాయి చీటీలతో మూడుసార్లు టాలీ చేశాను. చెన్నైలో బాక్సును కాంటా వేస్తే 18,140 వచ్చిందట. ఆపేశారు. కాగితం మార్చి పంపేసరికి కటాఫ్ టైం దాటింది, ఓడ వెళ్లిపోయింది. తరువాతి ఓడకు వారం ఆగాలి, ఆ వారానికి యార్డు కిరాయి కట్టాలి. సేటు జీతంలో కోస్తానని అనలేదు. అనకుండా చూసే చూపు ఒకటుంటుంది, అది చూశాడు.

తప్పు నాదే, ఖాళీ బాక్సు బరువు కలపలేదు. దాని గురించి గొడవ లేదు. నా అనుమానం వేరే. మా బామ్మర్ది ఫోన్లో ఒక వీడియో చూపించాడు. 2025 జూన్‌లో కేరళలోని విళింజం రేవుకు వచ్చిన ఎంఎస్‌సీ ఇరినా అనే ఓడ. దాదాపు 400 మీటర్ల పొడవు, 61 మీటర్ల వెడల్పు, 24,346 బాక్సులు పడతాయట. రెండు లక్షల టన్నులకు పైనే మోస్తుందట. అటువంటి దానికి నా 3,900 కిలోలు ఏనుగు మీద ఈగ వాలినట్టు కాదా? అంత చిన్న తేడాకు బాక్సును ఆపేయడం మరీ చాదస్తం అనిపిస్తోంది. ఓడల మీద పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఇంకొకటి, ఆ బాక్సులను ఒకదాని మీద ఒకటి అంత ఎత్తు పేరుస్తారు కదా, తాళ్లతో కడతారా, ఊరికే పెడతారా?

పరకాల పోరడు:

రైతు దగ్గర కొనేటప్పుడు ఖాళీ సంచి బరువు తీసేయడం ఒక్కరోజు కూడా మర్చిపోరు కదా అన్నా. ఖాళీ బాక్సు బరువు కలపాల్సి వచ్చేసరికి ఎట్లా మర్చిపోయారు?

చెన్నైలో జనగామ:

పరకాల తమ్ముడు చురక బాగానే పెట్టాడు. నేను మాత్రం రూటు సంగతి చెప్తాను. మాది జనగామ, ఇక్కడ చెన్నైలో ఒక క్లియరింగ్ ఏజెంటు దగ్గర తొమ్మిదేళ్లుగా చేస్తున్నాను.

బ్రదర్, నీ మిర్చి ఆ ఓడ ఎక్కనే ఎక్కదు. 24 వేల బాక్సుల ఓడలు తిరిగేది ప్రధానంగా చైనా, కొరియా, సింగపూర్ వైపు నుంచి యూరప్‌కు. అంత సరుకు ఒక్కచోట దొరికేది ఆ దారిలోనే. నిండుగా ఉంటే వాటి కింది భాగం 16 మీటర్లకు పైగా నీళ్లలో ఉంటుంది, అంత లోతున్న రేవులోకే రాగలవు. విళింజంలో ఒడ్డు దగ్గరే సహజంగా లోతు ఉంది కాబట్టి ఇరినా అక్కడికి రాగలిగింది. మన తూర్పు తీరం నుంచి యూరప్ వెళ్లే బాక్సులు ఎక్కువగా చిన్న ఓడలో కొలంబోకో సింగపూర్‌కో పోర్ట్ క్లాంగ్‌కో వెళ్లి అక్కడ పెద్ద ఓడ ఎక్కుతాయి. ఆ చిన్న ఓడను ఫీడర్ అంటాం. మన ఊళ్లలో షేర్ ఆటోలో బస్టాండుకు వెళ్లి హైదరాబాద్ బస్సు ఎక్కినట్టు.

నీ సరుకు మలేషియాకే కాబట్టి పోర్ట్ క్లాంగ్‌లోనే దిగిపోతుంది. అంటే అది ఎక్కే ఓడ ఏ రెండు మూడు వేల బాక్సులదో అయి ఉంటుంది. రెండు లక్షల టన్నులతో లెక్క వేసుకోవద్దు.

ఇంకో మాట. 24,346 అన్నది ఇరవై అడుగుల బాక్సుల లెక్క. నీది నలభై అడుగులది, రెండు బాక్సుల కింద లెక్కకు వస్తుంది.

కాజీపేట పాత గార్డు:

నేను గూడ్స్ గార్డుగా రిటైర్ అయ్యాను. ఓడ ఎన్నడూ ఎక్కలేదు. విశాఖలో ఒడ్డున నిలబడి చూశాను, అంతే. కానీ ఈ ప్రశ్న చదివాక కాగితం పెన్సిలు తీసుకున్నాను.

మనం చూసే కంటైనర్ గూడ్స్ రేకులో, అంటే ఒక పూర్తి బండిలో, 45 వ్యాగన్లు ఉంటాయి. ఒక్కో వ్యాగన్ మీద ఇరవై అడుగుల బాక్సులు రెండు, మొత్తం 90. అంటే ఆ ఒక్క ఓడ నిండడానికి 271 రేకులు కావాలి. కాజీపేట యార్డులో రోజుకు పది రేకులు ఇవే పంపినా దాదాపు నెల పట్టేది కదా అనుకున్నాను. ఇంకో లెక్క కూడా వేశాను. ఆ బాక్సులన్నీ నేల మీద ఒకదాని వెనక ఒకటి పేరిస్తే 147 కిలోమీటర్లు. హన్మకొండ చౌరస్తాలో మొదలుపెడితే హైదరాబాద్ చేరుతుంది. ఓడ పొడవు మాత్రం పదిహేడు రైలు పెట్టెలంతే, మన ఎక్స్‌ప్రెస్ బండి కంటే పొట్టి. 147 కిలోమీటర్ల సరుకును 400 మీటర్లలో సర్దారంటే ఎంత ఎత్తుకు పేర్చి ఉంటారో చూసుకోండి.

గుమస్తా గారూ, వ్యాగన్ పక్కన టేర్ అని రాసి ఉంటుంది, ఖాళీ వ్యాగన్ బరువు. బాక్సు తలుపు మీద కూడా అదే మాట ఉంటుంది. మాకు ట్రెయినింగులో మొదట చెప్పేవాటిలో అదొకటి. టేర్ కలపకుండా బండి లోడు చెబితే డ్రైవర్ ఘాటు ఎక్కేదెట్లా, దిగేటప్పుడు బ్రేకు వేసేదెట్లా? మీ బాక్సు టేర్ ఎంత? 3,900 సరిగ్గా ఉండదు. మిగిలింది ఏమిటో కూడా చూడండి.

ఎనుమాముల గుమస్తా:

పరకాల తమ్ముడి మాట గట్టిగానే తగిలింది. జవాబు లేదు. సంచి బరువు తీసేయడం చేతికి అలవాటైపోయింది, కలపడం ఎప్పుడూ చేయలేదు. అంతకన్నా చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు.

గార్డు సార్, ఫోటోలు వెతికి చూశాను. టేర్ 3,880. ఇంకా 20 కిలోలు మిగులుతోంది. రాత్రంతా అది తేలలేదు. పొద్దున హమాలీ మేస్త్రీ గుర్తుచేశాడు. మిర్చికి తడి తగలకుండా లోపల గోడలకు అట్ట పేపర్ అంటించాం, తేమ పీల్చే సంచులు వేలాడదీశాం. అవే.

చెన్నై అన్నా, మా బాక్సు ఆ ఓడ ఎక్కదంటే కొంచెం చిన్నతనంగా అనిపించింది. ఆ వీడియో మా ఇంట్లో అందరికీ చూపించి "మన మిర్చి ఇందులోనే పోతుంది" అని చెప్పాను.

ఉప్పునీళ్లు:

తమ్మీ, మాది హంటర్ రోడ్డు. కంటైనర్ ఓడల మీద ఛీఫ్ ఆఫీసర్ని. ఇప్పుడు సెలవులో ఇంటి దగ్గర ఉన్నాను. ఓడ మీద సరుకు చూసుకునేది ఛీఫ్ ఆఫీసరే కాబట్టి నువ్వు చాదస్తం అన్నది నన్నే. 400 మీటర్ల ఓడ మీద రెండు కాంట్రాక్టులు చేశాను, చిన్నవాటి మీద చాలా చేశాను.

నీ లెక్కలో నువ్వు బాక్సును ఓడతో తూచావు. బాక్సు ఓడ మీద నిలబడదు, కింది బాక్సు మీద నిలబడుతుంది. అది దాని కింది బాక్సు మీద. పైగా బరువంతా దిగేది నాలుగు మూలల్లోని నాలుగు ఇనుప స్తంభాల మీదనే. మధ్యలో ఉన్నది పలుచని రేకు, అది దేన్నీ మోయదు. కాబట్టి ఓడ రెండు లక్షల టన్నులు మోస్తుందా, పది లక్షలు మోస్తుందా అన్నది కింది బాక్సుకు సంబంధం లేదు. దాని నాలుగు కాళ్లు ఎంత మోస్తాయన్నదే దానికి లెక్క.

కట్టడం గురించి అడిగావు. ఓడ కడుపులో, అంటే హోల్డులో, కట్టాల్సిన పని లేదు. నిలువుగా ఇనుప పట్టాలు ఉంటాయి, వాటి మధ్యలోంచి బాక్సు బీరువా సొరుగులా కిందికి జారుతుంది. డెక్ మీద సంగతి వేరు. ప్రతి రెండు బాక్సుల మధ్య నాలుగు మూలల్లో ట్విస్ట్ లాక్ అని ఒక తాళం ఉంటుంది. దానికి తోడు కింది వరసల బాక్సులకు ఏటవాలుగా ఇనుప కడ్డీలు బిగిస్తాం. ఆ కడ్డీలు పై వరసల దాకా అందవు. పైన ఉన్నవాటిని పట్టుకునేది ఆ తాళాలే. ఇరినాలో హోల్డు అడుగు నుంచి పై దాకా కలిపితే 26 అంతస్తులు.

ఇప్పుడు ఊగడం గురించి. గాలిరోజున తాటిచెట్టు మొదట్లో చెయ్యి పెడితే ఏమీ తెలియదు. పైన మోకు కట్టుకుని ఉన్న గౌడన్నను అడగాలి. డెక్ మీద పై బాక్సు పని అదే. ఓడ అటూ ఇటూ ఒరిగినప్పుడల్లా పై బాక్సు గట్టిగా లాగుతుంది, ఎంత బరువుంటే అంత గట్టిగా. 14 టన్నులని రాసినదాన్ని, ఏ బాక్సు ఎక్కడ పెట్టాలో చూసే ప్లానర్ తేలికదని పైకి పంపుతాడు. అది నిజానికి 18 టన్నులైతే తాళం మీద పడే లాగుడు నాలుగో వంతుకు పైగా పెరుగుతుంది. ఒక తాళం తెగితే ఆ బాక్సు ఒక్కటే పోదు, పక్క వరసను కూడా తోసుకుంటూ పోతుంది.

పెద్ద ఓడ ఊగదనుకుంటారు. డెక్ కింద ఒక పొడుగు నడవా ఉంటుంది, ముందు నుంచి వెనక దాకా. సముద్రం లేచినప్పుడు అక్కడ నిలబడి చూస్తే చివరి దాకా ఉన్న దీపాల వరస పాములా మెలి తిరుగుతూ కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు కాఫీ తాగుతున్నాను, కప్పు కింద పెట్టేశాను. ఓడ విరుగుతోందనుకున్నాను. పక్కనున్న ఫిట్టర్ నవ్వాడు. అంత పొడుగు ఇనుము వంగకుండా ఉంటేనే విరుగుతుందని చెప్పాడు.

వెడల్పుతో ఇంకో తంటా. బరువులన్నీ అడుగునే ఉంటే ఓడ మరీ గట్టిగా నిలబడుతుంది, ఒరగగానే ఫట్టున వెనక్కి లేస్తుంది. ఖాళీ ట్రాక్టర్ ట్రాలీ గుంతలో పడితే ఎట్లా ఎగురుతుందో చూశావుగా, అట్లా. అప్పుడూ పై తాళాలకే దెబ్బ. బరువు పైన ఎక్కువైతే గడ్డి బండిలా ఒరిగి నెమ్మదిగా లేస్తుంది, అది ఇంకా భయం. ఈ రెంటికీ మధ్యలో ఉండేట్టు కంప్యూటర్లో లెక్క వేస్తాం, ట్యాంకుల్లో నీళ్లు ఎక్కిస్తాం, తీస్తాం. ఆ లెక్కలోకి వెళ్లేది మీరు రాసిన అంకెలే.

ఇప్పుడు నీ ఈగ సంగతి. 2007 జనవరిలో ఇంగ్లిష్ ఛానల్లో తుఫానులో ఎంఎస్‌సీ నాపోలి అనే ఓడ పగిలింది. దాన్ని ఇంగ్లండ్ దక్షిణ తీరంలో ఒడ్డు దగ్గర నేలకు ఆనించారు. పగలడానికి అసలు కారణం ఇంజిన్ గది దగ్గర ఓడ ఒళ్లు తగినంత బలంగా లేకపోవడం, అది ముందే చెప్పాలి. కానీ తరువాత డెక్ మీద తడవకుండా మిగిలిన 660 బాక్సుల బరువు చూశారు. 137 బాక్సుల్లో రాసినదానికీ ఉన్నదానికీ 3 టన్నులకు మించి తేడా. ఒకదాంట్లో 20 టన్నులు. అన్నీ కలిపితే కాగితం మీద ఉన్నదాని కంటే 312 టన్నులు ఎక్కువ. ఆ 137 మందిలో చాలామంది నీలాగే అనుకుని ఉంటారు, ఇంత పెద్ద ఓడకు ఇదెంత అని. నీ 3,900 వాళ్ల లెక్కలోకే వస్తుంది.

అప్పట్లో పంపినవాడు ఏం రాస్తే అదే నమ్మేవాళ్లం. 2016 జూలై 1 నుంచి ప్రపంచమంతటా ఒకటే రూలు. సరుకు పంపినవాడు సరిచూసిన మొత్తం బరువు ఇవ్వకపోతే బాక్సు ఓడ ఎక్కదు. దారులు రెండు. నింపిన బాక్సును అట్లాగే కాంటా వేయాలి, లేదా సరుకు, సంచులు, లోపల వేసిన కర్ర, పేపరు అన్నీ తూచి టేర్ కలపాలి. నువ్వు రెండో దారిలో సగం నడిచి ఆగిపోయావు.

బరువు సరిగ్గా రాస్తే ఏ బాక్సూ పడదని మాత్రం అనుకోకు. 2020 నవంబర్ 30న పసిఫిక్‌లో వన్ ఏపస్ అనే ఓడ మీది నుంచి ఒక్క దెబ్బకు 1,816 బాక్సులు సముద్రంలో పడ్డాయి. ఆ రోజు అలల రోజు.

చిన్న ఓడకు చిన్నతనం పడొద్దు. ఛీఫ్ ఆఫీసర్‌కు చిన్న ఓడల మీదే నిద్ర తక్కువ. రేవు వదిలిన రెండోరోజుకే ఇంకో రేవు వస్తుంది.

చెన్నైలో జనగామ:

ఛీఫ్ సార్ అంత చెప్పాక నేను చెప్పేది చిన్న పని మాట. గుమస్తా బ్రదర్, ఈసారి వీజీఎం కటాఫ్ టైమూ బాక్సు గేటు లోపలికి వెళ్లాల్సిన టైమూ వేరు వేరుగా అడిగి రాసుకో. అందరూ రెండోదే చూసుకుంటారు. మా దగ్గర గొడవలు సగం అక్కడే.

ఎనుమాముల గుమస్తా:

ఛీఫ్ అన్నా, మీరు రాసింది రెండుసార్లు చదివి సేటుకు కూడా చదివి వినిపించాను. ఆయనకు తాటిచెట్టు మాట నచ్చింది. నాపోలి మాట దగ్గర ఏమీ అనలేదు, చాయ్ తెప్పించాడు.

మన బాక్సు ఓడ ఎక్కింది. ఏజెంటు ఒక నంబరు పంపాడు, 220784. ఇదే దాని జాగా అట. దీన్ని ఎట్లా చదవాలి?

ఉప్పునీళ్లు:

రెండేసి అంకెలుగా విడగొట్టు. 22 అంటే ముందు నుంచి వెనక్కి లెక్కపెట్టే వరస. సరిసంఖ్య కాబట్టి నలభై అడుగుల జాగా. 07 అడ్డం లెక్క, బేసి సంఖ్యలు ఓడ కుడివైపు, సరిసంఖ్యలు ఎడమవైపు. 84 ఎత్తు. హోల్డులో అడుగున 02తో మొదలై రెండేసి చొప్పున పెరుగుతుంది, డెక్ మీద మళ్లీ 82తో మొదలు. కాబట్టి నీ మిర్చి డెక్ మీద, కుడివైపు, కింది నుంచి రెండో బాక్సు. 18 టన్నులని తెలిసింది కాబట్టి కింద పెట్టారు. 14 అన్న కాగితమే నమ్మి ఉంటే ఇంకా పైన ఉండేది.

ఎనుమాముల గుమస్తా:

అయితే మా బాక్సు పైన ఇంకా ఉంటాయన్నమాట. ఎన్ని ఉండొచ్చు?

ఉప్పునీళ్లు:

ఆ సైజు ఓడలో మూడో నాలుగో ఉండొచ్చు.

ఎనుమాముల గుమస్తా:

వాటి బరువు వాళ్లు సరిగ్గానే రాసి ఉంటారంటారా? మాది మిర్చి అన్నా, నలిగితే గింజ రాలిపోతుంది.

ఉప్పునీళ్లు:

నీ మిర్చి నలగదులే, పైవాటిని మోసేది స్తంభాలు. కానీ ఆ మాట ఒకసారి మీ సేటు ముందు కూడా అడుగు.

ఎనుమాముల గుమస్తా:

అడిగాను. కొత్త బాక్సు ఇవాళ గోదాము దగ్గరికి వచ్చింది. నింపకముందే తలుపు ఫోటో తీశాను, టేర్ 3,840. పోయినదానికంటే 40 కిలోలు తక్కువ, అన్నిటికీ ఒకటే ఉంటుందనుకున్నాను నేను. 340 బస్తాలు సంచులతో 13,835. పేపరు, తేమ సంచులు విడిగా తూచాం, 22. మొత్తం 17,697. సేటు తనంతట తానే ట్రైలర్‌ను వేబ్రిడ్జి మీదికి కూడా పంపమన్నాడు. ఖాళీ ట్రైలర్ బరువు తీసేస్తే 17,700 వచ్చింది. ఆ కాంటా పదుల్లోనే చూపిస్తుంది.

పరకాల పోరడు:

ఆ మిగిలిన 3 కిలోలు ఏ రైతువి అన్నా?